మెడ లేని తూటా

తూటాల్ని మేం తలకిందులుగా నిలబెడతాం. బెజ్జాలున్న చెక్క పళ్లెం ఒకటుంటుంది. మొన కిందికి, అడుగు పైకి వచ్చేలా ఒక్కో బెజ్జంలో ఒక్కోటి దించుతాం. ఆ గుండ్రటి ఇత్తడి అడుగు మీద సన్నటి అక్షరాలుంటాయి. ఏ ఫ్యాక్టరీలో చేశారు, ఏ సంవత్సరం, ఏ రకం, అన్నీ అక్కడే. వంద తూటాలున్నా సరే, పళ్లెం మీదుగా ఒకసారి చూపు పోనిస్తే పని అయిపోతుంది.

నా పేరు సీతారాములు. సొంతూరు భోపాల్‌పట్నం దగ్గర. జిల్లా పోలీసు లైన్లో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్‌ని. ఎక్కడైనా తూటా దొరికితే అది ఏమిటో, పేలుతుందో లేదో చూసి కాగితం రాసివ్వడం కూడా నా పనే. కోర్టు పిలిస్తే వెళ్లి ఆ కాగితం చదివి రావాలి. ముప్పై నాలుగేళ్లు ఇదే చేశాను. ఇక ఓపిక లేదు, ఉన్నట్టు నటించే ఓపిక అసలే లేదు. వచ్చే మార్చిలో రిటైర్‌మెంట్. కళ్లూ మోకాళ్లూ మాత్రం నన్నడక్కుండా ముందే రిటైరైపోయాయి.

ఇంత విసుగులోనూ నాకు ఒక సరదా ఉండేది. నా బల్ల సొరుగులో పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో పాతకాలపు తూటాలు, ఇప్పుడు ఎక్కడా కనబడని రకాలు. కాగితపు డొల్లతో చేసిన పన్నెండు బోరుది ఒకటి, చెమ్మకు ఉబ్బిపోయి పుట్టగొడుగులా ఉండేది. ఎవరో జమీందారు వేట రైఫిల్‌ది ఒకటి, నా చూపుడువేలంత పొడవు. అడవిలో ఎవరో వాడేసిన డొల్లలో మళ్లీ మందు కూరి చేసింది ఇంకొకటి, దాని మూతి చుట్టూ సుత్తి దెబ్బలు కనిపించేవి. కొత్తగా చేరిన కుర్రాళ్లు శిక్షణకు వస్తే డబ్బా తెరిచి ఒక్కోటి చేతికిచ్చి, చెప్పండ్రా ఇదేమిటో అనేవాణ్ని. వాటన్నిటిలోకీ నాకు ముద్దొచ్చేది మెడ లేని తూటా.

మామూలు త్రీ నాట్ త్రీ రైఫిల్ తూటా లావుగా మొదలై, పైకొచ్చేసరికి భుజం తిరిగి, మెడ దగ్గర సన్నబడుతుంది. ఆ మెడలో గుండు కూర్చుంటుంది. ఇది అలా కాదు. కింది నుంచి మూతి దాకా నిటారు గొట్టం. తెల్లదొరల కాలంలో కాపలావాళ్ల చేతికి, జైలు వార్డర్ల చేతికి అసలు రైఫిల్ ఇవ్వడానికి భయపడి, ఆ రైఫిళ్లనే గొట్టం తొలిచేసి, ఒక్కసారికి ఒక్కటే పేలే మస్కెట్లుగా మార్చి ఇచ్చారు. వాటికి తూటా కావాలి కదా. త్రీ నాట్ త్రీ డొల్లనే మెడ నొక్కకుండా వదిలేసి చేశారు. ఫోర్ టెన్ మస్కెట్ తూటా అంటారు దాన్ని. డొల్ల ఒకటే కాబట్టి రెండింటి అడుగూ ఒకటే. నేను దాన్నీ, అడుగు అరిగిన పాత త్రీ నాట్ త్రీ ఒకదాన్నీ పళ్లెంలో తలకిందులుగా పెట్టి, ఏది ఏదో చెప్పమనేవాణ్ని. ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. మరి నువ్వు చెప్పగలవా అని వాళ్లు అడగలేదు కాబట్టి సరిపోయింది. నేనూ చెప్పలేను.

దాని అడుగు బాగా అరిగిపోయి ఉండేది. అక్షరాలు వేలికి తగిలేవి గానీ కంటికి ఆనేవి కావు. ఎవడో దీన్ని జేబులో వేసుకుని ఏళ్ల తరబడి తిరిగాడు, అందుకే ఇంత నునుపు తేలింది అని వివరించేవాణ్ని. వాళ్లు తలలూపేవారు. పైగా అది జిందా తూటా, అంటే ఇంకా పేలనిది. సొరుగులో పెట్టుకోవడం నేరమే. నన్ను ఎవరడుగుతారు? అడగాల్సినవాణ్ని నేనే.

అది నా దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం వానలకు మాల్‌ఖానా కప్పు కారింది. కేసుల్లో పట్టుకున్న సామాన్లు దాచే గది అది. గుడ్డ పొట్లాలు కుళ్లాయి, లక్క ముద్రలు ఊడాయి. అన్నీ విప్పి ఆరబెట్టి, నా పాత కాగితాలతో సరిచూసి, మళ్లీ పొట్లాలు కట్టమన్నారు. మూడు రోజులు చెదల మధ్య కూర్చుని కట్టాను. ఒక పొట్లంలో చీటీ మీద నా రాతే ఉంది: త్రీ నాట్ త్రీ, జిందా, ఒకటి. లోపల మాత్రం మెడ లేని తూటా.

అప్పుడు నేను ఏమనుకోవాలి? నా కాగితం తప్పని అనుకోవాలి. అనుకోలేదు. విప్పేటప్పుడు ఎవరో పొట్లాలు కలిపేశారనుకున్నాను. రాసింది నేను, సంతకం నాది, అదెలా తప్పవుతుంది? సరిపోలేదని పైకి రాస్తే సంజాయిషీలు, విచారణలు, మళ్లీ మూడు రోజులు. పక్కనే పనికిరాని సరుకు పెట్టెలో పాత త్రీ నాట్ త్రీలు బోలెడున్నాయి. ఒకటి తీసి పొట్లంలో పెట్టి కట్టేశాను. మెడ లేనిదాన్ని ముచ్చటపడి జేబులో వేసుకున్నాను. చీటీ మీద కేసు నంబరే ఉంటుంది, మనిషి పేరుండదు. ఎవరిదో అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మొన్న దసరా వెళ్లిన వారం ఆ మనిషి తల్లి వచ్చింది.

గేటు దగ్గర సంత్రీ కబురు పంపాడు, మీ భాష మాట్లాడే ముసలావిడ ఎవరో పొద్దుట్నుంచి కూర్చుని ఉంది, కదలనంటోంది అని. లైన్లో అందరూ హిందీవాళ్లే, తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. విసుక్కుంటూనే వెళ్లాను. పేరు ఇర్మె అని చెప్పింది. దోర్ల తెగ మనిషి. యాభై దాటి ఉంటుంది గానీ ఎండలో ఎండి డెబ్భై దానిలా ఉంది. ఊరు ఇంద్రావతి నదికి ఇవతల, బస్సు దొరికే రోడ్డుకు పూట నడక. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, మాసా. మూడేళ్లుగా జైల్లో ఉన్నాడు.

కేసేమిటో నాలుగు ముక్కల్లో చెప్పింది. అంతకుముందు ఏడాది అక్కడికి దగ్గర్లో ఒక ఔట్‌పోస్టు మీద దాడి జరిగి త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, తూటాలు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఊళ్లో ఇల్లిల్లూ సోదా చేస్తే మాసా ఇంట్లో ఒక తూటా దొరికింది. దాన్ని చూసిన ఆర్మరర్ త్రీ నాట్ త్రీ అని రాశాడు. అంటే లూటీ సరుకే, అంటే దాడిలో వీడూ ఉన్నాడు. వేరే సాక్ష్యం లేదు. వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది కూడా. బెయిలు రాలేదు. గురువారం కోర్టు పేషీలో తూటాలు చూసే సారు వచ్చి చెబుతాడని వకీలమ్మ అంటే, ఆ సారు ఎవరో చూద్దామని వచ్చిందట.

చూశావుగా, ఇక వెళ్లు అందామనుకున్నాను. అన్నాను కూడా, కాస్త మర్యాదగా. తూటా ఏదైనా తూటానే, ఇంట్లో పెట్టుకోకూడదు, నేను చేసేదేమీ లేదు, కాగితంలో ఉన్నదే చదువుతానని చెప్పాను. ఆమె లేవలేదు.

"సారూ, కోడళ్లు పెద్దల కుండ దిక్కు సూడొద్దు. ముప్పై ఏండ్ల కాపురంల నేను సూడలే. ఆ దినం జవాన్లు కుండ బోర్లిస్తే అది దొర్లుకుంట వచ్చి నా కాళ్లకాడ ఆగింది. అప్పుడు సూసిన."

"ఏం సూసినవ్?"

"దానికి మెడ లేదు సారూ. మీ తూటాలు మా చేలల్ల దొరుకుతనే ఉంటయ్. అన్నిటికి మెడుంటది, సొరకాయ బుర్రకున్నట్టు. మా తాతదానికి లేదు. కింద నుంచి మీద దాక ఒక్కతీరు. వకీలమ్మకు జెప్పిన. కాగితంల వేరే రాసుందంట. రాసింది నువ్వేనంట."

నలభై అడుగుల దూరంలో నా గది, గదిలో బల్ల, బల్ల సొరుగులో డబ్బా. ఆ ముసలమ్మకు నా మొహంలో ఏం కనబడుతోందోనని భయమేసింది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాను.

తర్వాతది ఆమె అడక్కుండానే చెప్పింది, నేను కదలక నిలబడి విన్నాను. ఆమె మామకు తండ్రి ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లకు కాపలాదారు. మస్కెట్ ఇచ్చారు. ముసలివాడయ్యాక తుపాకీ తీసుకెళ్లి తహసీలులో అప్పజెప్పాడు. నడుం పట్టీలో ఒక తూటా మిగిలిపోయింది. ఆయన పోయాక దాన్ని పెద్దల కుండలో పెట్టారు. ఇంటి లోపలి గదిలో ఉంటుంది ఆ కుండ, పోయినవాళ్లు అందులో ఉంటారని వాళ్ల నమ్మకం. ఆ ఇంటి మగవాడు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఏటా కొత్తల పండుగకు ఇంటి మగవాడు ఆ తూటాని తీసి, ఇప్పసారాతో కడిగి, కొత్త గుడ్డతో తుడిచి, కొత్త బియ్యం నాలుగు గింజలు ముందు పెట్టి మళ్లీ కుండలో దించుతాడు. ఆ తర్వాతే ఇంట్లో కొత్త బియ్యం వండాలి.

అదీ ఆ నునుపు. మూడు తరాల మగవాళ్ల చేతులు, ఏటా ఒకసారి. నేనేమో జేబు అని చెప్పాను.

కుండ ఖాళీ, ఇంట్లో మగవాడు లేడు. మూడు పంటలు ఇంటికొచ్చాయి గానీ ఇర్మె ఒక్క గింజ నోట్లో పెట్టుకోలేదట. రేషన్ బియ్యం వండుకుంటోంది. ఒడ్లు గాదెలో ఉన్నాయి, ఎలుకలు తింటున్నాయి. ఈ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె ఏడవలేదు. ఎలుకల మీద మాత్రం కోపంగా ఉన్నట్టుంది.

లేచి నిలబడి అడిగింది. "నిజం జెప్తవా?"

"కాగితంల ఏముంటే అది జెప్తనమ్మా," అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది.

గదికొచ్చి తలుపేసుకుని పాత రిజిస్టరు తీశాను. ఆమె చెప్పిన కేసు నంబరు, తారీఖు వెతికితే దొరికాయి. ఆ రోజు నా బల్ల మీదికి నూట నలభై రెండు తూటాలు వచ్చాయి, తొమ్మిది కేసులవి. ఎక్కడో పెద్ద ఆయుధాల డంపు దొరికిన వారం అది. సాయంత్రానికల్లా కాగితాలు కావాలని పైనుంచి ఫోన్లు. పళ్లేల్లో తలకిందులుగా నిలబెట్టాను. అడుగులు చూశాను. ఒకదాని అక్షరాలు అరిగిపోయినా పట్టించుకోలేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. బయటికి తీసి ఒక్కోదాన్నీ నిలబెట్టి చూసి ఉంటే ఒక్క నిమిషం. మెడ లేనిది మెడ లేనట్టే కనబడేది, గుడ్డివాడికైనా వేలికి తగిలేది. తియ్యలేదు.

ఆ తప్పు ఒక ఎత్తు. పనెక్కువై తప్పు జరిగిందని చెప్పుకోవచ్చు, మందలింపుతో పోతుంది. రెండోది అలా పోదు. కోర్టు సొత్తు మార్చినవాణ్ని ఏమంటారో, ఏ సెక్షన్ పెడతారో నాకు తెలియనిది కాదు. రిటైర్‌మెంట్ కాగితాలు ఆగిపోతాయి, ఆ తర్వాత మాసా ఉన్న జైల్లోనే నాకూ చోటు దొరకొచ్చు. నోరు మూసుకుంటే మాత్రం ఏమీ కాదు. పొట్లంలో ఉన్నది త్రీ నాట్ త్రీ, కాగితంలో ఉన్నది త్రీ నాట్ త్రీ. దేవుడొచ్చినా తప్పు పట్టలేడు. అంత శుభ్రంగా చేశాను మరి.

మా ఇన్‌స్పెక్టర్ రాంప్రసాద్ దగ్గరికి వెళ్లి, గురువారం పేషీకి ఇంకెవర్నైనా పంపండి, మోకాలు బాగాలేదు అన్నాను. ఆయన నవ్వాడు. నీ సంతకం ఇంకొకడు ఎలా చదువుతాడు సీతారామ్, కాగితం చదువు, దిగి వచ్చెయ్, ఐదు నిమిషాల పని అన్నాడు. మంచివాడే. ఆయన్ని ఏమీ అనలేను.

ఇంట్లో సోమక్కకు చెప్పాను. మా ఆవిడ ముప్పై ఏళ్లుగా క్వార్టర్ నుంచి క్వార్టర్‌కు గిన్నెలు మోసి మోసి మాటలు తగ్గించుకున్న మనిషి. చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"ఆ డబ్బా తీస్కపోయి నదిల పడెయ్," అన్నది చివరికి.

సరే అన్నాను. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు మళ్లీ పిలిచింది. "ఆ ముసల్ది ఏం తింటున్నదంటివి?" అని అడిగింది. రేషన్ బియ్యం అని చెప్పాను.

డబ్బా నదిలో పడేయలేదు. పడేయాలనే బుధవారం దాకా అనుకున్నాను. మిగతా తూటాలన్నీ తీసి, లెక్క రాసి మాల్‌ఖానాలో పెట్టేశాను. మెడ లేనిదాన్ని తీద్దామంటే చెయ్యి రాలేదు. రెండేళ్లు దాన్ని వేళ్ల మధ్య తిప్పి కుర్రాళ్లను నవ్వించినవాణ్నే, ఇప్పుడు ముట్టుకోవాలంటే ఎవరింట్లోనో చెప్పులతో నడుస్తున్నట్టు అనిపించింది. డబ్బాతోనే సంచిలో పెట్టుకున్నాను.

గురువారం పొద్దున సంచి తీసుకుంటే బరువుగా ఉంది. తెరిచి చూస్తే డబ్బా పక్కన రెండు లుంగీలు, రెండు బనీన్లు, బీపీ మాత్రలు ఉన్నాయి. మధ్యాహ్నానికి తిరిగొచ్చే పేషీకి బట్టలెందుకు? సోమక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనూ పిలవలేదు.

కోర్టులో మాసాని మొదటిసారి చూశాను. సన్నగా, తల గొరిగించుకుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లట. ఇర్మె వెనక గోడకు ఆనుకుని కింద కూర్చుంది, బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ల తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలు రేణుక, కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన తెలుగమ్మాయి. చేతిలో ఆ రోజువి ఏడెనిమిది ఫైళ్లున్నాయి. ఆమె కళ్ల కింద చారలు చూస్తే నాకంటే ఎక్కువ అలసిపోయినట్టు అనిపించింది.

నా పేరు పిలిచారు. బోనెక్కి ప్రమాణం చేసి, ప్రభుత్వ వకీలు అడిగితే నా కాగితం నేనే చదివాను. త్రీ నాట్ త్రీ, జిందా, ఒకటి. గుమస్తా పొట్లం విప్పి తూటాని బల్ల మీద పెట్టాడు. మెడ ఉన్న తూటా. పనికిరాని సరుకు పెట్టెలోంచి నా చేత్తో నేను తీసింది.

మాసా అటు చూశాడు. తల అడ్డంగా ఊపి మెల్లగా ఏదో అన్నాడు. గుమస్తా గద్దించి కూర్చోబెట్టాడు. వాడన్నది దోర్ల భాషలో, అక్కడ అర్థమైంది నాకూ వాళ్లమ్మకూ తప్ప ఎవరికీ కాదు. ఇది మాది కాదు అన్నాడు. అంతే. వాదించినట్టుగా కూడా అనలేదు. సంతలో వేరేవాళ్ల గొడుగు చేతికిస్తే చెప్పినట్టు చెప్పాడు. మూడేళ్లు జైల్లో పెట్టినవాళ్ల మీద కోపం లేదా వీడికి అని నాకే కోపమొచ్చింది.

రేణుక లేచింది. అందరు సాక్షుల్నీ అడిగే ప్రశ్నే అడిగింది, ఫైల్లోంచి తలెత్తకుండా. మూడేళ్ల క్రితం మీరు పరీక్షించిన తూటా ఇదేనా?

అవును అంటే దిగిపోవచ్చు. బస్సు రెండింటికి. గోడ దగ్గర ఇర్మె నన్ను చూడ్డం లేదు, బల్ల మీది తూటాని చూస్తోంది. దాని మెడని చూస్తోంది.

"కాదు," అన్నాను.

రేణుక తలెత్తింది. నేను సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచి చూపించాను. జిందా తూటా అని తెలియగానే పక్కనున్న కానిస్టేబుల్ నా చెయ్యి పట్టుకున్నాడు. జడ్జిగారు వదలమన్నారు. రెండు తూటాల్నీ ఆయన బల్ల మీద తలకిందులుగా నిలబెట్టడానికి పళ్లెం లేదు కాబట్టి, ఫైళ్ల కట్ట మధ్య అడుగులు మాత్రమే కనబడేలా ఇరికించాను. ఏది ఏదో చెప్పండి సార్ అన్నాను. శిక్షణకొచ్చిన కుర్రాళ్లను అడిగినట్టే అడిగాను, అలవాటు పోదు కదా. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు, ప్రభుత్వ వకీలూ వంగి చూశాడు. ఇద్దరూ తేల్చలేకపోయారు. అప్పుడు రెండూ బయటికి తీసి నిలబెట్టాను.

ఆ తర్వాత అంతా చెప్పాను. పళ్లెం సంగతి, వాన సంగతి, పెట్టెలోంచి తీసి మార్చిన సంగతి. మస్కెట్ తూటా లూటీ అయిన రైఫిళ్లలో దేంట్లోనూ పట్టదని చెప్పాను. స్టెనో రాసుకుంటూ మధ్యలో ఆగి, ఇది నిజంగా రాయాలా అన్నట్టు జడ్జిగారి వైపు చూసింది. ఆయన రాయమన్నారు. చివర్లో ఆయన ఒక్క ప్రశ్న అడిగారు. ఇలా అడుగులు మాత్రమే చూసి ఎన్ని కాగితాలు రాశావు?

"అన్నీ సార్," అన్నాను.

ఇంతకాలం ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. నూట నలభై రెండు ఆ ఒక్క రోజువి. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని రోజులు? ఆ పళ్లేల్లో ఇంకెంతమంది తలకిందులుగా ఉన్నారో నాకు తెలియదు. బోనులోంచి దిగి వాంగ్మూలం మీద సంతకం పెట్టాను.

మాసాని ఆ రోజే వదల్లేదు. తూటాలు రెండూ ముద్ర వేసి ప్రయోగశాలకు పంపమన్నారు, బెయిలు విషయం సోమవారం చూస్తామన్నారు. వస్తుందండీ, రాకుండా ఎలా ఉంటుంది అని రేణుక నాతో అన్నది, ఆ తర్వాత నాతో మాట్లాడొచ్చో లేదో అనుమానం వచ్చినట్టు ఆగిపోయింది. నా వాంగ్మూలం నకలు పైఅధికారులకు వెళ్లింది. వరండాలోనే రాంప్రసాద్ ఫోన్ వచ్చింది. తిట్టలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. తాళాలు నీతో వచ్చిన కానిస్టేబుల్‌కి ఇచ్చెయ్, ఎక్కడికీ వెళ్లకు, జీపు పంపుతున్నాను అన్నాడు. తాళాలిచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఖాళీ డబ్బా ఒళ్లో ఉంది.

మాసాని జైలు బండి ఎక్కిస్తుంటే ఇర్మె ఆ బండి దాకా వెళ్లి కిటికీ జాలీ పట్టుకుని ఏదో చెప్పి, బండి కదిలాక నా దగ్గరికొచ్చింది. దండం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు. డబ్బా వైపు చూసింది.

"రెండేండ్లు ఇందులనే ఉన్నడా మా తాత?"

"ఆఁ."

"కొత్తలకు ఏం పెట్టినవ్?"

ముప్పై నాలుగేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఇదే మొదలు. ఏమీ పెట్టలేదమ్మా అన్నాను. నవ్వులాటకు చూపించుకున్నాను అని కూడా చెప్పాను, దాచి ఏం చేసుకోను. యాభై తొమ్మిదేళ్లవాణ్ని, యూనిఫాంలో, కోర్టు వరండాలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను.

ఆమె నన్ను ఊరడించలేదు. కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు కొత్త బియ్యం. కొడుకుని ఇవాళే వదిలేస్తారని, తూటా కూడా చేతికిస్తారని, ఇక్కడే వాడిచేత పెట్టించి ఊరికి తీసుకుపోదామని తెచ్చిందట. ఆ తూటా ఇక ఎప్పటికీ ఆ ఇంటికి రాదని నాకు తెలుసు. ప్రయోగశాల నుంచి మాల్‌ఖానాకు, మాల్‌ఖానా నుంచి నాశనం చేసే గుంటకు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"తాతను లోపల పెట్టిన్రు, మనల రానియ్యరు," అన్నది. "ఈ డబ్బాల రెండేండ్లు ఉన్నడు. ఈ వాసన తాతకు ఎరికైతది. ఇందులనే పెట్టు."

"నేనా? నేను మీ ఇంటోణ్ని కాదు గదమ్మా."

"మా ఇంటోని చేతులు కట్టేసిన్రు. ఉంచుకున్నోడివి నువ్వే. నువ్వే పెట్టు."

జీపు గేటులోకి వస్తున్న చప్పుడు వినిపించింది. బూట్లు విప్పాలనిపించి విప్పాను. మూత తీసి, డబ్బాను చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతిలోంచి నాలుగు గింజలు తీసుకున్నాను. ఇర్మె అటు తిరిగి గోడ వైపు నిలబడింది. కోడళ్లు చూడకూడదు కదా.